పక్కింటి వేధింపు, వీధిలో ఆగడం: ఇంగ్లండ్‌లో ఎలా గుర్తించాలి, ఎవరికి చెప్పాలి

నేను ఇంగ్లండ్‌లో తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో పని చేస్తాను. ఇరుగుపొరుగు గొడవల మీద వచ్చే ఫిర్యాదులు చూసే డెస్క్ నాది. తెలుగావిడ ఉందని తెలిసి కొందరు నన్నే అడిగి మాట్లాడతారు. చాలామంది మొదట అనే మాట ఒకటే: "చిన్న విషయమేనండీ, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో." కాసేపు వింటే ఆ చిన్న విషయం వల్ల పిల్లాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని, ఆవిడ చీకటి పడ్డాక బయటికి వెళ్లడం మానేసిందని, ఇల్లు మారిపోదామని చూస్తున్నారని తెలుస్తుంది. అసలు చెప్పాల్సింది అదే. దాన్ని ఫోన్ పెట్టేసే ముందు ఏదో గుర్తొచ్చినట్టు చెబుతారు. కొందరు అదీ చెప్పరు.

అలా చెప్పకపోవడం వల్ల ఎంత నష్టమో రోజూ చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లండ్, వేల్స్‌కు వర్తిస్తాయి. స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్ చట్టాలు వేరు.

ఏది ఏఎస్‌బీ, ఏది కాదు

యాంటీ సోషల్ బిహేవియర్‌ని ఇక్కడ అందరూ ఏఎస్‌బీ అనే అంటారు. 1998 చట్టంతో వచ్చిన ఆస్బో అనే ఉత్తర్వు గురించి మీరు వినే ఉంటారు. అది ఇప్పుడు లేదు. 2014లో వచ్చిన చట్టం దాన్ని తీసేసి కొత్త అధికారాలు ఇచ్చింది. ఆ చట్టం ప్రకారం, ఎవరికైనా వేధింపు, భయం లేదా మనోవేదన కలిగించిన ప్రవర్తన, కలిగించేలా ఉన్న ప్రవర్తన ఏఎస్‌బీ కిందికి వస్తుంది. మనింట్లో మనం ప్రశాంతంగా ఉండలేకుండా చేసే చికాకు పనులు కూడా వస్తాయి. ఆ పని వల్ల ఎదుటి మనిషికి ఏమైంది అన్నదాని మీదే చట్టం చూపు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతా సగం సులువు.

పోలీసులు దీన్ని మూడు రకాలుగా రాసుకుంటారు. ఒక మనిషినో కుటుంబాన్నో గురిపెట్టి చేసేది వ్యక్తిగతం. మొత్తం వీధిని ఇబ్బంది పెట్టేది న్యూసెన్స్. చెత్త పారబోయడం, గోడల మీద రాతలు, బస్ షెల్టర్ అద్దాలు పగలగొట్టడం లాంటివి పర్యావరణానికి సంబంధించినవి. ఫోన్ చేసినప్పుడు, మీ ఇంటినే ఎంచుకుని చేస్తున్నారని మీకు అనిపిస్తే ఆ మాట మొదటి నిమిషంలోనే చెప్పండి. పది ఇళ్ల ముందు గోల చేసే కుర్రాళ్లు వేరు, పది ఇళ్లు దాటొచ్చి మీ కిటికీకే గుడ్లు విసిరే కుర్రాళ్లు వేరు. రెండోదాన్ని పోలీసులు ఎక్కువ ప్రమాదంగా చూడాలి.

కానివి కూడా చెప్పాలి. పసిబిడ్డ ఏడుపు, మెట్ల మీద అడుగుల చప్పుడు, పగలు పిల్లలు వీధిలో బంతి ఆడటం, పక్కింటి వంట వాసన, ఏడాదికోసారి జరిగే పుట్టినరోజు పార్టీ, ఇవి ఏఎస్‌బీ కావు. పాత ఇళ్ల గోడలు పలచగా ఉంటాయి, మామూలు బతుకు చప్పుళ్లు కూడా వినిపిస్తాయి. కుర్రాళ్లు హుడీలు వేసుకుని గుంపుగా నిలబడి ఉన్నారన్నంత మాత్రాన అదీ తప్పు కాదు. వీధిలో పడుకునే నిరాశ్రయుడిని చూసి మాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. అతనికి కావాల్సింది సాయం. స్ట్రీట్‌లింక్ అనే సేవకు చెబితే అక్కడి సహాయ బృందానికి కబురు వెళ్తుంది.

మామూలుగా నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మళ్లీ మళ్లీ జరుగుతోందా? ఏ వేళప్పుడు? కావాలని చేస్తున్నట్టుందా? దానివల్ల మీరు ఏం మానుకోవాల్సి వచ్చింది? చివరి ప్రశ్నకు జవాబు ఉంటే అది ఫిర్యాదు చేయాల్సిన విషయమే. బెదిరింపు, దాడి, జాతి పేరుతో దూషణ మాత్రం మళ్లీ జరిగే దాకా ఆగకూడదు. ఒక్కసారికే చెప్పాలి.

దీపావళి గురించి ఒక మాట. ఇక్కడ రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు టపాసులు కాల్చడం నేరం. దీపావళి రాత్రికి మాత్రం 1 గంట దాకా అనుమతి ఉంది. ఆ తర్వాతి వీకెండ్‌లో చేసుకునే వేడుకకు ఆ సడలింపు లేదు. మన మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

మనవాళ్లు పోల్చుకోలేని రెండు విషయాలు

మొదటిది కకూయింగ్. డ్రగ్స్ అమ్మేవాళ్లు ఒంటరిగా ఉండే మనిషి ఇంట్లో చేరి, ఆ ఇంటినే తమ అడ్డాగా చేసుకుంటారు. ఆ మనిషి ముసలివాడో, మానసిక అనారోగ్యం ఉన్నవాడో, వ్యసనంలో ఉన్నవాడో అయి ఉంటాడు. బయటి నుంచి చూస్తే అది "ఎప్పుడూ గోలగా ఉండే పక్క ఫ్లాట్" లాగే ఉంటుంది. కాస్త గమనించండి. వేళాపాళా లేకుండా మనుషులు వచ్చి రెండు మూడు నిమిషాల్లో వెళ్లిపోతుంటారు. పరదాలు పగలు కూడా మూసే ఉంటాయి. కొత్త ముఖాలు తాళంచెవితో లోపలికి వెళ్తుంటాయి. అసలు అక్కడ ఉండాల్సిన మనిషి కనిపించడు, కనిపించినా పలకరిస్తే తల దించుకుని వెళ్లిపోతాడు. అతను బాధితుడు. మీరు వెళ్లి తలుపు తట్టకండి, ఫొటోలు తీయకండి. పోలీసుల అత్యవసరం కాని నంబర్ 101కి గానీ, పేరు చెప్పడం ఇష్టం లేకపోతే క్రైమ్‌స్టాపర్స్ అనే స్వచ్ఛంద సంస్థకు గానీ చెప్పండి. మీ ఫోన్ వల్ల ఒక మనిషి తన ఇంటిని తిరిగి దక్కించుకోవచ్చు.

రెండోది జాతి ద్వేషం. "పాకీ" (పాకిస్తానీ అనే మాట నుంచి వచ్చిన జాతి దూషణ) అని అరవడం, మీ దేశానికి పొమ్మనడం, బొట్టునో చీరనో వెక్కిరించడం, తలుపు మీద రాతలు రాయడం. "వాళ్లు తాగి ఉన్నారు, పిల్లలే కదా" అని మనవాళ్లు సర్దుకుపోతారు. ఇది మామూలు గొడవ లెక్కలోకి రాదు. జరిగిన నేరం వెనక మీ జాతి, మతం మీద ద్వేషం ఉందని మీకు అనిపిస్తే పోలీసులు దాన్ని హేట్ క్రైమ్‌గా నమోదు చేయాలి. ద్వేషాన్ని మీరు ముందే రుజువు చేయక్కర్లేదు. కోర్టులో రుజువైతే శిక్ష పెరుగుతుంది. వైకల్యం, లైంగిక ధోరణి, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు మీద ద్వేషానికి కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్లు అన్న బూతును సంస్కారంగా మార్చకుండా, అన్నది అన్నట్టే రాయండి, చెప్పండి. "తప్పుగా మాట్లాడారు" అని రాస్తే ఏ కేసూ నిలబడదు.

ఎవరికి చెప్పాలి

ఇప్పుడు, ఈ క్షణంలో ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉంటే, తలుపు పగలగొడుతుంటే, నేరం కళ్లముందు జరుగుతుంటే అత్యవసర నంబర్ 999. మొబైల్ నుంచి చేసి మాట్లాడలేని పరిస్థితి ఉంటే, ఆపరేటర్ అడిగినప్పుడు 55 నొక్కాలి, అప్పుడు కాల్ పోలీసులకు వెళ్తుంది. 55 నొక్కినంత మాత్రాన మీరెక్కడున్నారో వాళ్లకు తెలిసిపోతుందని అనుకోకండి, అడ్రస్ ఎలాగైనా చెప్పే ప్రయత్నం చేయండి. ప్రమాదం గడిచిపోయాక, లేదా తరచూ జరిగేదాని గురించి అయితే 101. దానికి డబ్బులు పడవు. పోలీసు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ ఫారం కూడా ఉంటుంది, నెమ్మదిగా రాసుకోవాలనుకునేవాళ్లకు అదే మేలు. ఇంగ్లిష్ ఇబ్బందైతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని రెండు మాటలు చెప్పి లైన్‌లో ఆగండి, ఫోన్‌లో అనువాదకులను కలుపుతారు.

శబ్దం పోలీసుల పని కాదు, కౌన్సిల్ పని, అంటే మీ ప్రాంతపు స్థానిక పాలక సంస్థది. 1990 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఫిర్యాదు వస్తే కౌన్సిల్ విచారించి తీరాలి. ఇక్కడ రెండు అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. రాత్రి 11 దాకా ఎంత మోతైనా పెట్టుకోవచ్చు అన్నది ఒకటి. నిజం కాదు, పగటి మోత కూడా చట్టపరమైన న్యూసెన్స్ కావచ్చు. ఇన్ని డెసిబెల్స్ దాటితేనే తప్పు అన్నది రెండోది. ఆ చట్టంలో అలాంటి గీత లేదు. ఎంతసేపు, ఎంత తరచుగా, ఏ వేళప్పుడు, ఎలాంటి శబ్దం అన్నవన్నీ చూసి ఆఫీసర్ నిర్ణయిస్తారు. కాబట్టి ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకుని కొట్లాడకండి. చాలా కౌన్సిళ్లు రికార్డింగ్ పంపడానికి తమ సొంత యాప్ చెబుతాయి, దాన్నే వాడండి. న్యూసెన్స్ అని తేలితే అది ఆపమని నోటీసు ఇస్తారు. దాన్ని మీరితే నేరం.

చెత్త పారబోతకు, వదిలేసిన కార్లకు, గోడ రాతలకు కౌన్సిల్ వెబ్‌సైట్, లేదా ఫిక్స్‌మైస్ట్రీట్ అనే ఫిర్యాదుల వెబ్‌సైట్. ఆ చెత్త సంచులు విప్పి అడ్రస్ కాగితాలు వెతకడం మీ పని కాదు. లోపల సూదులుండొచ్చు, సాక్ష్యమూ చెడుతుంది. పేవ్‌మెంట్ మీద, పార్కుల్లో మోటార్ బైకులు తిప్పేవాళ్ల గురించి పోలీసులకు చెప్పాలి. అలాంటి బండిని స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. నంబర్ ప్లేటు, రంగు, ఎటు నుంచి వచ్చి ఎటు పోయింది, ఏ గంటలో అన్నవి ఇస్తేనే ఆ అధికారం పనికొస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్లు కుప్పలుగా పడి ఉంటే అదీ చెప్పండి. 2023 నవంబర్ నుంచి అది క్లాస్ సి డ్రగ్.

మీది గానీ, ఇబ్బంది పెట్టేవాళ్లది గానీ కౌన్సిల్ ఇల్లో హౌసింగ్ అసోసియేషన్ ఇల్లో అయితే ఆ ల్యాండ్‌లార్డ్‌కు తప్పక రాయండి. ఏఎస్‌బీ మీద ఏం చేస్తారో వాళ్లు ముందే ప్రకటించి ఉండాలి, ఆ పాలసీ అడిగి తీసుకోండి. ప్రైవేటు ఓనర్ చేతిలో అధికారాలు తక్కువ, అయినా ఈమెయిల్ పెట్టి ఉంచండి. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటే సెక్యూరిటీకి, అకామడేషన్ ఆఫీసుకు.

police.uk లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ ప్రాంతపు పోలీసు బృందం, వాళ్లు ప్రజలతో పెట్టే సమావేశాల తేదీలు కనిపిస్తాయి. ఆ సమావేశాలకు మనవాళ్లు దాదాపు రారు. వెళ్లండి. ఆ వీధి గురించి మీరు చెప్పింది అక్కడ ముఖం చూసి వింటారు.

డైరీ: ఇదే ప్రాణం

నా డెస్క్ మీద గెలిచే కేసులకు, ఆగిపోయే కేసులకు మధ్య తేడా చాలావరకు ఇదే. "పక్కింటివాళ్లు ఎప్పుడూ గోల చేస్తారు, చాలా టెన్షన్‌గా ఉంది" అని వచ్చిన ఈమెయిల్‌తో నేనేమీ చేయలేను. అదే బాధను ఇలా రాస్తే చేయగలను:

"మార్చి 4, మంగళవారం. రాత్రి 11.40 నుంచి 1.25 వరకు. కుడివైపు ఇంటి నుంచి మ్యూజిక్. మా బెడ్‌రూమ్ తలుపు, కిటికీలు మూసి ఉన్నా పాటలోని మాటలు తెలుస్తున్నాయి. 12.15కి గోడ మీద బాదారు, ఒక మగ గొంతు మమ్మల్ని తిట్టింది. పాప రెండుసార్లు లేచి ఏడ్చింది. నాకు ఉదయం 6కి షిఫ్ట్, నిద్ర లేకుండా వెళ్లాను. పైఫ్లాట్‌ ఆవిడ కూడా విన్నారు. 12.30కి కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో చెప్పాను, రిఫరెన్స్ నంబర్ వచ్చింది."

తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఏమన్నారు, మీకు ఏమైంది, ఇంకెవరు చూశారు, ఎవరికి చెప్పారు. జరిగిన వెంటనే రాయండి. వారం తర్వాత గుర్తుచేసుకుని రాసింది బలహీనంగా ఉంటుంది. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చినా ఫర్వాలేదు, మొదటి కాగితం పారేయొద్దు. పేరు తెలియకపోతే ఊహించి రాయకండి, మనిషి ఎలా ఉన్నాడో రాయండి. కళ్లారా చూసినదీ, ఎవరో చెప్పగా విన్నదీ వేర్వేరుగా పెట్టండి. ప్రశాంతంగా గడిచిన రాత్రులను కూడా "ఏమీ లేదు" అని రాస్తే ఆ డైరీని చదివే ఆఫీసర్‌కు నమ్మకం పెరుగుతుంది.

"మీకు ఏమైంది" దగ్గర మనవాళ్ల కలం ఆగిపోతుంది. బలహీనులమని చెప్పుకున్నట్టు ఉంటుందేమో. గర్భంతో ఉన్నారా, ఇంట్లో గుండె జబ్బు ఉన్న తల్లిదండ్రులు ఉన్నారా, ఆటిజం ఉన్న బిడ్డ ఉందా, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందా, చదువు దెబ్బతిందా, అన్నీ రాయండి. దాన్ని బట్టే మీ కేసు ఎంత ప్రమాదకరమో లెక్కేస్తారు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2007లో లెస్టర్‌షైర్‌లో ఫియోనా పిల్కింగ్టన్ అనే తల్లి, వైకల్యం ఉన్న పద్దెనిమిదేళ్ల కూతురు ఫ్రాన్సెస్కా చనిపోయారు. తల్లే కూతురి ప్రాణం తీసి తనూ చనిపోయింది. వీధి కుర్రాళ్లు ఏళ్ల తరబడి ఆ ఇంటిని వేధించారు. ఆవిడ పోలీసులకు ముప్పై సార్లకు పైగా చెప్పింది. ప్రతి ఫోన్‌నూ విడి సంఘటనగా చూశారు, అన్నీ కలిపి ఒక కుటుంబం మీద సాగుతున్న హింసగా చూడలేదు. పోలీసులు, స్థానిక సంస్థలు స్పందించిన తీరు కూడా ఆ మరణాలకు దోహదం చేసిందని 2009లో విచారణ జ్యూరీ చెప్పింది. ఆ తర్వాత పద్ధతులు మారాయి. అయినా ఈ రోజుకీ మీ నాలుగో ఫోన్ తీసేది మొదటి మూడు ఫోన్లు తీసిన మనిషి కాదు. అందుకే ప్రతిసారీ పాత రిఫరెన్స్ నంబర్లు చదవండి. "ఇది కొత్తది కాదు, దీనికి ముందు ఫలానా తేదీల్లో చెప్పాను, మమ్మల్నే గురిపెట్టారు, ఇంట్లో వైకల్యం ఉన్న మనిషి ఉన్నారు" అని ఒక్క ఊపిరిలో చెప్పేలా కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి.

నంబర్లలో ఒక తేడా ఉంది. ఫోన్ చేయగానే ఇచ్చేది ఇన్సిడెంట్ నంబర్. నేరంగా నమోదు చేశాక ఇచ్చేది క్రైమ్ రిఫరెన్స్ నంబర్. మొదటిది మాత్రమే ఇస్తే, నేరంగా నమోదైందా లేదా అని అడగండి.

వీడియో తీయాలనుకుంటే మీ ఇంట్లో నుంచే, మీకు ప్రమాదం లేకుండా తీయండి. పిల్లల వెంటపడి తీయకండి, ఎక్కడా పోస్ట్ చేయకండి. డోర్‌బెల్ కెమెరా వీధినో పక్కింటినో చూస్తుంటే డేటా ప్రొటెక్షన్ బాధ్యతలు మీ మీద పడతాయి.

భయాలు

"అక్కా, నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, పోలీస్ రికార్డులో నా పేరు పడితే?" అని అడుగుతారు. బాధితుడిగానో సాక్షిగానో చెప్పినందుకు మీకు నేర చరిత్ర రాదు. ఫిర్యాదు చేయడం వీసా షరతు ఉల్లంఘించడమూ కాదు.

వాళ్లకు తెలిస్తే పగబడతారన్న భయం మాత్రం నిజమైన భయం. దాన్ని కొట్టిపారేయను. క్రైమ్‌స్టాపర్స్, 0800 555 111, పోలీసు శాఖ కాదు, స్వచ్ఛంద సంస్థ. అక్కడ పేరు అడగరు, నంబర్ వెతకరు. కానీ పేరు లేని సమాచారంతో మీ కేసు ముందుకు నడవదు, మీకు తిరిగి ఫోన్ చేసేవాళ్లూ ఉండరు. మీ ఇంటి గొడవైతే పేరు ఇచ్చి, "నా వివరాలు అవతలివాళ్లకు చెప్పొద్దు" అని రాతపూర్వకంగా కోరడం మేలు. సివిల్ కోర్టులో అవసరమైతే మీ పేరు బయటపెట్టకుండా ఆఫీసరే మీరు చెప్పింది చెప్పే వీలుంది, మీరు స్వయంగా చెప్పినంత బరువు దానికి ఉండదు. కుంగిపోతున్నట్టు ఉంటే విక్టిమ్ సపోర్ట్ అనే బాధితుల సహాయ సంస్థకు చేయండి, 0808 168 9111. కేసు పెట్టకపోయినా మాట్లాడతారు.

అవతలివాళ్లతో మీరే మాట్లాడాలా? తెలిసిన మనుషులై, గొడవ మోత వరకే అయితే, పగలు, తాగి లేనప్పుడు, ఒకసారి మర్యాదగా చెప్పి చూడొచ్చు. బెదిరింపు ఉన్నచోట వద్దు. నలుగురు మగవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం అసలు వద్దు. మర్నాడు ఫిర్యాదు మీ మీదే వస్తుంది.

చెప్పాక ఏమవుతుంది

మొదట ఉత్తరం, మాట్లాడటం, మధ్యవర్తిత్వం. ఆగకపోతే రాతపూర్వక హెచ్చరిక, తర్వాత ఆ పని మానుకోవాలనే కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసు. ఇంకా ఆగకపోతే ఇంజంక్షన్, అంటే ఆ పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వు. దీన్ని పదేళ్లు నిండిన ఎవరి మీదైనా అడగవచ్చు. క్రిమినల్ కేసులో కావాల్సినంత రుజువు దీనికి అక్కర్లేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని జడ్జికి అనిపించాలి. మీ డైరీ విలువ అక్కడ తెలుస్తుంది. డ్రగ్స్ అడ్డాగా మారిన ఇంటిని కోర్టు మూడు నెలల దాకా మూయించగలదు, ఆరు నెలల దాకా పొడిగించగలదు. ఇదంతా వారాల్లో కాదు, నెలల్లో జరుగుతుంది. మధ్యలో ఏ రోజు ఏం చేస్తామో ఆఫీసర్ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఎవరూ కదలకపోతే ఏఎస్‌బీ కేస్ రివ్యూ అడగండి. పాత పేరు కమ్యూనిటీ ట్రిగ్గర్. అది మీ హక్కు, 2014 చట్టమే ఇచ్చింది. ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు చేసి ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ కావాలని ఏ ప్రాంతమూ అనకూడదు. ప్రతి ఫిర్యాదూ సంఘటన జరిగిన ఒక నెలలోపు చేసినదై ఉండాలి, రివ్యూ దరఖాస్తు ఫిర్యాదు చేసిన ఆరు నెలల్లోపు పెట్టాలి. అప్పుడు పోలీసులు, కౌన్సిల్, ఆరోగ్య శాఖ, హౌసింగ్ సంస్థలు ఒకచోట కూర్చుని ఇప్పటిదాకా ఎవరు ఏం చేశారో చూసి, ఇకపై ఏం చేయాలో మీకు తెలియజేయాలి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. మూడు రిఫరెన్స్ నంబర్లు, తేదీలు, డైరీ కాపీ, మీ మీద పడిన ప్రభావం గురించి ఒక పేరా, ఇవి జత చేయండి. రాయలేని స్థితిలో ఉంటే మీ అనుమతితో స్నేహితుడు, వార్డ్ కౌన్సిలర్ లేదా ఎంపీ మీ తరఫున పెట్టవచ్చు.